ఇంటికొచ్చి చూసే మానసిక వైద్యం టీమ్: మా నాన్న విషయంలో ఎలా పనిచేసింది, ఎక్కడ చెడగొట్టింది

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క స్టార్ వాళ్ళ యాప్‌కీ, బిల్లింగ్‌కీ, మధ్యలో వచ్చిన ఒక ఫిజియో నిర్వాకానికీ కలిపి. మిగతా నాలుగూ వాళ్ళు వారానికోసారి తమలో తాము పెట్టుకునే మీటింగ్‌కి. అది మన ఇంట్లో జరగదు, మన కంటికి కనబడదు, బిల్లులో దానికి ఒక లైను కూడా ఉండదు, కానీ ఇలాంటి సర్వీసుకి మనం డబ్బులు కట్టేది అసలు దానికే అని ఇప్పుడు అనిపిస్తోంది. సంస్థ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, ఆ తిట్లకి వాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు. బెంగళూరులో ఇంటికొచ్చి చూసే సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీరు ఎవరిని పెట్టుకున్నా చూసుకోవాల్సినవి మాత్రం దాదాపు ఇవే.

ఎవరి కోసం తీసుకున్నామో చెప్తాను. నాన్నకి 76. మద్రాస్ సాపర్స్, ఆర్మీలో ఇంజనీర్ల దళం, అదే అల్సూరు చెరువు దగ్గర ఎంఈజీ, తంబీలంటారే వాళ్ళు. 1971 డిసెంబర్‌లో షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర, పాకిస్తాన్‌తో యుద్ధంలో, మన ట్యాంకులు దాటడానికి మైన్ల మధ్య దారి తీసిన వాళ్ళలో ఒకరు. సుబేదార్‌గా రిటైరయ్యి, పుంగనూరు దగ్గర మా ఊళ్ళో కొన్నాళ్ళు వ్యవసాయం చేసి, తర్వాత మా దగ్గరికి రామ్మూర్తి నగర్ వచ్చేశారు. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముక అతుక్కుంది, కానీ మనిషి లేవలేదు. మాది మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. కిందికి దిగడం మానేశారు, తర్వాత హాల్లోకి రావడం మానేశారు, ఆ తర్వాత గడ్డం గీసుకోవడం మానేశారు. ఈ చివరిది చూసి అమ్మ భయపడింది. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ జ్వరమొచ్చినా సరే తెల్లవారుజామునే షేవ్ చేసుకునే మనిషి.

అడిగితే మోకాళ్ళ నొప్పి అంటారు, కడుపులో మంట అంటారు, తల బరువంటారు, దిగులు అన్న మాట మాత్రం నోటి నుంచి రాదు. పెద్దవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఇలాగే ఒంటి నొప్పుల రూపంలోనే బయటికొస్తుందట. రాత్రిళ్ళు నిద్రలో అరుపులు. పక్క సైటులో బోరు వేస్తుంటే ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు, పెద్ద మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్ ఊళ్ళోనే ఉంది కదా అని. ఉంది, దేశంలో అంతకన్నా మంచిది ఎక్కడుందో చెప్పడం కష్టం, పెద్దవాళ్ళ మానసిక సమస్యలకి విడిగా విభాగం కూడా ఉంది. నాన్నకి ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది, మాజీ సైనికుల వైద్య పథకం అది, 2003లో ఆ స్కీము మొదలైన తొలి రోజుల్లోనే కట్టి చేరారు, బీపీ మందులు పాలీక్లినిక్ నుంచే వస్తాయి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కమాండ్ హాస్పిటల్ ఉంది. అన్నీ ఉన్నాయి. తుంటి విరిగిన మనిషిని మెట్లు దింపి, కారులో కూర్చోబెట్టి, కేఆర్ పురం బ్రిడ్జి దాటించి, ఓపీలో మూడు గంటలు చెక్క బెంచీ మీద కూర్చోబెట్టడమే మావల్ల కాలేదు. పైగా "నేనేం పిచ్చోణ్ణా?" అన్న ప్రశ్న ప్రతిసారీ మెట్ల దగ్గరే ఎదురయ్యేది.

ఇంటికే టీమ్ వచ్చే పద్ధతి ఒకటుందని చెప్పింది మా మరదలు. తను డాలస్‌లో నర్సు, అక్కడి మాజీ సైనికుల శాఖ, అందరూ వీఏ అంటారు, దాని కింద పనిచేస్తుంది. వీఏ వాళ్ళు 1970ల నుంచే కదల్లేని మాజీ సైనికుల ఇళ్ళకి డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, ఫిజియో, డైటీషియన్, ఫార్మసిస్టులతో ఒక టీమ్‌ని పంపుతున్నారట. 2007 ప్రాంతం నుంచి ప్రతి టీమ్‌లోనూ మనసు సంగతి చూడ్డానికి ఒక సైకాలజిస్టో సైకియాట్రిస్టో కూడా ఉండాలని పెట్టుకున్నారట. మానసిక వైద్యం విడిగా ఇంకో చోట కాకుండా, షుగరు బీపీ చూసే వాళ్ళతో పాటే ఇంట్లోకి వచ్చేస్తుంది. అందువల్ల ముసలాయన "నాకు పిచ్చా" అని అడగాల్సిన పని ఉండదు, అప్పటికే ఇంట్లో కాఫీ తాగుతున్న టీమ్‌లో ఆ సైకాలజిస్టు కూడా ఒకరు, అంతే. ఇది విన్నాక అలాంటిది ఇక్కడ ఎవరైనా చేస్తున్నారా అని వెతికితే ఈ సంస్థ దొరికింది. అక్కడిది ప్రభుత్వం నడిపేది, ఇక్కడిది ప్రైవేటు, చేతి నుంచి పెట్టుకోవాలి, ఆ తేడా మాత్రం గుర్తుంచుకోండి.

మొదటి విజిట్‌కి నర్సు వచ్చింది. కేరళ అమ్మాయి, హిందీ బాగా వచ్చు. "తాతా" అనగానే నాన్న మొహం తిప్పేసుకున్నారు. అమ్మ పక్క నుంచి సైగ చేస్తే రెండో మాటకే "సాబ్" అంది, అప్పుడు చెయ్యిచ్చారు బీపీ చూడ్డానికి. (జేసీఓలని, అంటే నాన్నలా సుబేదార్ లాంటి ర్యాంకుల వాళ్ళని, యూనిట్లో అందరూ సాబ్ అనే పిలుస్తారు, రిటైరైన ఇన్నేళ్ళకి ఒక మనిషి ఇంటికొచ్చి అలా పిలిచేసరికి ఆయన నడుం నిటారుగా అయ్యింది.) తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరూ గుమ్మంలోంచే "సాబ్" అంటూ వచ్చారు. అంటే ఆ అమ్మాయి వెళ్ళి చెప్పింది. నేను మీటింగ్ మీటింగ్ అంటున్నది ఇందుకే.

నర్సు చేసిన రెండో పని, ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి మంచం మీద పొయ్యమంది. అల్మరాలోవి, అమ్మ డబ్బాలోవి, ఫ్రిజ్ మీదవి, నాన్న దిండు కింద ఉన్నవి కూడా. ఆల్ప్రాజోలం అనే నిద్రమాత్ర రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో ఉంది, ఒకటి తుంటి ఆపరేషన్ అప్పుడు ఎవరో రాసింది, ఇంకోటి వీధి చివర మెడికల్ షాపు నుంచి నాన్న ఫోన్ చేసి తెప్పించుకుంటున్నది. ఒకదానికొకటి తెలియకుండా రెండూ వేసుకుంటున్నారు. జలుబుకని ఇంకో మాత్ర, దానికీ మత్తు ఉంటుంది. పెద్ద వయసులో ఈ రకం నిద్రమాత్రలు తూలిపడటానికి, మతిమరుపుకి పెద్ద కారణమని, అలాగని ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదమని, కొంచెం కొంచెంగా తగ్గించాలని వాళ్ళ ఫార్మసిస్టు ఫోన్‌లో అమ్మకి అరగంట విడమరచి చెప్పాడు, ఏ వారం ఎంత తగ్గించాలో సైకియాట్రిస్టు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్‌కి అంటించాం. ఇంతకుముందు చూసిన డాక్టర్లెవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరి ముక్క వాళ్ళు బాగానే చూశారు, కానీ మంచం మీద అన్నీ ఒకచోట పోసి చూసినవాళ్ళు లేరు.

సైకాలజిస్టు తెలుగమ్మాయి, మేం తెలుగు వచ్చినవాళ్ళే కావాలని పట్టుబట్టాం. మీరూ పట్టుబట్టండి. అయితే తమాషా ఏంటంటే, ఇంటి సంగతులు తెలుగులో మాట్లాడే మనిషి ఆర్మీ సంగతి వచ్చేసరికి హిందీలోకి వెళ్ళిపోతారు, ఆ అమ్మాయికి హిందీ అంతంత మాత్రం. అప్పుడు నర్సుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని నడిపించింది, ఆ తెలివి నాకు నచ్చింది. తనెవరో దాచలేదు కూడా. "నేను మందులిచ్చే డాక్టర్ని కాదు సాబ్, నిద్ర, మనసు, జ్ఞాపకం, వీటి సంగతి చూస్తాను" అని మొదటి రోజే చెప్పింది. అవును, కాదు అని చెప్పే పదిహేను ప్రశ్నలు అడిగింది, పెద్దవాళ్ళలో డిప్రెషన్ చూడ్డానికి చాలాచోట్ల వాడే స్కేలు అదే. జ్ఞాపకశక్తి పరీక్ష విడిగా చేసింది, ఎందుకంటే డిప్రెషన్‌లో మతిమరుపులా కనబడేది ఒక్కోసారి మతిమరుపు కాదు, ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి.

యుద్ధం విషయం ఆ అమ్మాయి తనంతట తాను తవ్వలేదు. చాలా వారాల తర్వాత నాన్నే మొదలెట్టారు. అరుపులకీ, బోరింగ్ మోతకి వణకడానికీ యుద్ధంతో సంబంధం ఉందని, ఉద్యోగం, పొలం, తిరుగుడు ఉన్నన్నాళ్ళూ అణిగి ఉన్నవి మనిషి మంచాన పడ్డాక పైకి రావడం మాజీ సైనికుల్లో కొత్తేం కాదని మాకు విడిగా చెప్పింది. ఈ పీటీఎస్‌డీ అన్నది, అంటే ఘోరం చూశాక మనసులో మిగిలిపోయే జబ్బు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జబ్బుల జాబితాలోకి ఎక్కిందే 1980లో. నాన్న యుద్ధం నుంచి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు, ఆ కాలంలో ఊళ్ళో "మిలిటరీ ఆయనకి కోపమెక్కువ" అనేసి ఊరుకున్నారు, అంతే. దీపావళికి ముందే ప్లాన్ వేశారు: వెనక గదిలో పక్క, కిటికీలు బిగించడం, ఏ గంట నుంచి ఏ గంట దాకా మోత ఉంటుందో ముందే ఆయనకి చెప్పి ఉంచడం. చెప్పకుండా వచ్చే చప్పుడు వేరు, వస్తుందని తెలిసిన చప్పుడు వేరట. ఆ రాత్రి పడుకోలేదు గానీ తొమ్మిదింటికి అన్నం తిన్నారు.

ఇప్పుడు సోడియం కథ. డిప్రెషన్‌కి సైకియాట్రిస్టు ఒక మాత్ర మొదలెట్టారు, ఆయన వీడియో కాల్‌లోనే ఎక్కువ, ఇంటికి అప్పుడప్పుడు మాత్రమే. మొదలెట్టే ముందే రక్త పరీక్ష, మొదలెట్టాక కొన్నాళ్ళకి మళ్ళీ, రెండూ నర్సే ఇంట్లో తీసింది. రెండోసారి రక్తంలో సోడియం, అంటే ఉప్పు, తగ్గింది. ఆ రకం డిప్రెషన్ మందులతో పెద్దవాళ్ళలో సోడియం పడిపోవచ్చు, దానికి తోడు నాన్న బీపీ మాత్రలో నీరు పోయించే మందు కూడా కలిసి ఉంది, అదీ సోడియంని తగ్గించేదే. డిప్రెషన్ మాత్ర ఒక డాక్టరు, బీపీ మాత్ర ఇంకో డాక్టరు, రక్త పరీక్ష మూడో చోట అయ్యుంటే ఏమయ్యేది? నాన్న మత్తుగా, తికమకగా ఉంటే "వయసు" అనుకునేవాళ్ళం. ఇక్కడ ఆ వారం మీటింగ్‌లో ముగ్గురూ మాట్లాడుకుని బీపీ మాత్ర మార్చారు, డిప్రెషన్‌ది ఆపి ఇంకో రకం మొదలెట్టారు, దాన్ని రాత్రి వేసుకుంటే నిద్రకి కూడా ఉపయోగమే. దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్లో మాత్రలు మార్చకండి, అడగండి అంతే, "సోడియం చూశారా" అని.

పెద్దవాళ్ళ డిప్రెషన్‌కి ఇలా కలిసి పనిచేసే పద్ధతి మీద అమెరికాలో ఒక పెద్ద స్టడీ ఉంది, 2002లో వచ్చింది, ఇంపాక్ట్ అంటారు. 18 క్లినిక్కుల్లో 1,801 మంది పెద్దవాళ్ళు, ఏడాది తర్వాత చూస్తే టీమ్ చూసినవాళ్ళలో 45 శాతం మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి, మామూలు పద్ధతిలో 19 శాతానికే. అది ఇళ్ళలో కాదు, క్లినిక్కుల్లో చేసింది, అయినా డాక్టరు, కేసు చూసుకునే మనిషి, సైకియాట్రిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఏమవుతుందో దానిలో కనబడుతుంది.

మొదటి ఫిజియో బంగారం. నాన్నకి కాళ్ళలో బలం లేక కాదు, పడతానన్న భయంతో లేవడం లేదని నర్సు కనిపెడితే, సైకాలజిస్టూ ఇతనూ కలిసి ఒక వరస వేశారు: మంచం నుంచి బాల్కనీ, బాల్కనీ నుంచి మెట్ల మొదలు, తర్వాత కింద ఇస్త్రీ బండి దాకా. ఇస్త్రీ అతనిది కుప్పం, నాన్నకి అక్కడ గంటసేపు కబుర్లు దొరుకుతాయి. వ్యాయామం కోసం దిగమంటే దిగని మనిషి ఇస్త్రీ బండి కోసం దిగారు. కింద ఎండలో కూర్చుని, వాడు చొక్కా కాలరు సరిగ్గా మడవట్లేదని వాడికి క్లాసు పీకుతుంటే అమ్మ పైనుంచి చూసి నవ్వింది.

ఆ తర్వాత అతను ఉద్యోగం మానేశాడు, వేరే కుర్రాణ్ణి పంపారు. ఇక్కడే ఒళ్ళు మండింది. కొత్తవాడికి పాత సంగతి ఒక్కటి కూడా చెప్పలేదు. వచ్చీ రాగానే "అంకుల్, కమాన్, టెన్ స్టెప్స్" అని చప్పట్లు కొట్టాడు, నాన్న ఉలిక్కిపడ్డారు, అది గమనించకుండా మళ్ళీ కొట్టాడు. "బయటికి పంపించు వీణ్ణి" అన్నారు నాన్న, ఆ వారమంతా మంచం దిగలేదు. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి "ఫీడ్‌బ్యాక్ తీసుకున్నాం మేడం" అంది. మీ పద్ధతి అంతా ఒకరికొకరు చెప్పుకోవడం మీదే నిలబడి ఉంది కదమ్మా, ఆ ఒక్కటీ జరక్కపోతే ఇది టీమ్ కాదు, ఇంటికొచ్చే నలుగురు వేర్వేరు మనుషులు, అలాంటి వాళ్ళు మాకు ముందే ఉన్నారు అని చెప్పాను. చివరికి నర్సే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి అన్నీ చెప్పింది, ఇప్పుడు పరవాలేదు. కానీ అది ఆ అమ్మాయి మంచితనం, సంస్థ ఏర్పాటు కాదు.

సోషల్ వర్కరు గురించి నేను మొదట్లో ఇదెందుకు దండగ అనుకున్నదాన్ని. ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఇంట్లో తుపాకీ ఉందా అని. రిటైరైన సైనికుల్లో చాలామందికి లైసెన్సు తుపాకీ ఉంటుంది, బ్యాంకు గార్డు ఉద్యోగాల కోసం తీసుకుంటారు, నాన్నకీ ఉంది. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని నాన్నని సూటిగానే అడిగారు, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదని మాకు ముందే చెప్పారు. నాన్న చాలాసేపు ఊరుకుని "వచ్చింది" అన్నారు. ఆ వారమే తుపాకీని లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేయించాం, నాన్న సంతకంతోనే, ఆయనకి తెలిసే. మాత్రలు తాళం పెట్టిన డబ్బాలోకి వెళ్ళాయి. తర్వాత ఆమె అమ్మ వైపు తిరిగి, మీరెంతసేపు నిద్రపోతున్నారు, మీరు బయటికెళ్ళి ఎన్నాళ్ళయ్యింది అని వరసగా అడుగుతూ పోయింది, అమ్మ "నాదేముందిలే" అంటూనే చెప్పింది. ఇప్పుడు గురువారం సాయంత్రాలు నేను ఇంట్లో ఉంటాను, అమ్మ గుడికో, పిన్ని వాళ్ళింటికో వెళ్తుంది. నాన్న పాత యూనిట్ మనిషి ఒకాయన కోలార్‌లో ఉంటే ఆయన నంబరు పట్టించి వారానికోసారి ఫోన్ మాట్లాడే ఏర్పాటు కూడా ఆమె చేసిందే. వాళ్ళిద్దరూ ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటారో నాకు అర్థం కాదు, సగం బూతులు.

డబ్బు సంగతి. నెలకి 14 నుంచి 18 వేల మధ్య అవుతోంది, ఎవరు ఎన్నిసార్లు వచ్చారన్నదాన్ని బట్టి. రక్త పరీక్షలు, మందులు వేరే. బీపీ మందులు ఈసీహెచ్‌ఎస్ నుంచి వస్తాయి కాబట్టి సరిపోతోంది. చౌక కాదు, పెన్షన్‌లో పెద్ద ముక్కే. మానసిక జబ్బుకి కూడా ఒంటి జబ్బుతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెబుతోంది, కానీ మామూలు పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, ఇంటికొచ్చే విజిట్లకి మీ పాలసీలో ఏముందో ముందే అడగండి. ట్రాఫిక్ వల్ల వాళ్ళే రాలేకపోయిన విజిట్‌కి కూడా బిల్లు వేశారు, తీయించడానికి మెయిళ్ళ మీద మెయిళ్ళు. యాప్ మొత్తం ఇంగ్లీషులో, అక్షరాలు చీమల్లా. వాడాల్సింది అమ్మ, అమ్మ చదివేది తెలుగు. మీటింగ్‌లో ఏమనుకున్నారో రెండు ముక్కలు తెలుగులో వాట్సాప్ చేయండి చాలు అంటే "సిస్టమ్‌లో లేదు" అన్నారు.

రాత్రి ఎనిమిది తర్వాత వాళ్ళెవరూ ఉండరు, ఇది సంతకం పెట్టే ముందే తెలుసుకోండి. ఒక రాత్రి నాన్న బాగా కలవరపడితే టెలీ మానస్‌కి చేశాం, 14416, ప్రభుత్వానిది, 2022 నుంచి ఉంది, డబ్బులు లేవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరికారు. మా టీమ్‌లాగా నాన్న గురించి వాళ్ళకేం తెలియదు, అయినా ఆ గంట అమ్మని నిలబెట్టింది. ప్రాణం మీదికొచ్చే పరిస్థితైతే ఫోన్లు కాదు, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకే.

తీసుకోబోయే వాళ్ళు సర్వీసు అమ్మడానికి వచ్చే అమ్మాయిని ఒకటే అడగండి, మీ వాళ్ళందరూ కలిసి మా కేసు ఎప్పుడు మాట్లాడుకుంటారు, మనిషి మారితే కొత్తవాళ్ళకి ఎవరు చెప్తారు అని. "అంతా యాప్‌లో ఉంటుంది" అన్నారంటే ఇంకో చోట చూసుకోండి. పూర్తిగా మంచాన ఉండి, ముదిరిన మతిమరుపుతో ఉన్నవాళ్ళకి ఇది చాలదనుకుంటా, వాళ్ళకి రోజంతా మనిషి కావాలి. ఇంట్లో ఒక్కరే ఉండే పెద్దవాళ్ళకీ కష్టమే, ఎందుకంటే మాత్రలు తగ్గించే కాగితం చూసి ఇచ్చే మనిషి ఒకరుండాలి. మా వైపు వాళ్ళయితే, రామ్మూర్తి నగర్, హొరమావు, కేఆర్ పురం, పొద్దున పదకొండు నుంచి మూడు లోపు స్లాట్లే అడగండి, సాయంత్రం ఐదు తర్వాత ఇచ్చారంటే ఆ మనిషి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్ దగ్గరే ఉండిపోతాడు.